ఆర్లో గత్రీ జీవితం రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన అధ్యాయాలు చదివాను. వాక్యం చదివిస్తోంది. కానీ అమెరికన్ జానపద గాయకుడు ఆర్లో గత్రీ జీవితచరిత్ర అని పేరు పెట్టి, మొదట్లోనే వాళ్ల నాన్న, ఆయనా పేరున్న గాయకుడే, వుడీ గత్రీ కథంతా చెప్పేశావు. ఓక్లహోమా, దుమ్ము తుపాన్లు, 1940లో రాసిన 'దిస్ ల్యాండ్ ఈజ్ యువర్ ల్యాండ్' పాట అన్నీ వచ్చాయి, ఆర్లో మాత్రం ఇంకా పుట్టలేదు. పేరున్నవాళ్ల పిల్లల గురించి రాసేటప్పుడు చాలామంది జారేది ఇక్కడే. తండ్రి మీద సమాచారం కుప్పలుగా దొరకడంతో కథ అటే వాలిపోతుంది. 1947 జులై 10న మొదలుపెట్టు. తండ్రి సంగతులు కొడుక్కి ఏ వయసులో తెలిశాయో, పాఠకుడికీ ఆ వరసలోనే తెలియనీ.

దానికి ఒక పట్టిక వేసుకో. ఎడమ పక్క తండ్రి, కుడి పక్క కొడుకు వయసు. వుడీకి హంటింగ్టన్స్ అనే, మెదడును క్రమంగా దెబ్బతీసే వంశపారంపర్య వ్యాధి ఉందని 1952లో తేలింది, అప్పటికి ఆర్లోకి ఐదేళ్లు. 1956లో వుడీ న్యూజెర్సీలోని గ్రేస్టోన్ పార్క్ ఆసుపత్రిలో చేరారు. 1967 అక్టోబరు 3న పోయారు, కొడుక్కి ఇరవై. 'నాన్న పక్కనే కూర్చుని పాటలన్నీ నేర్చుకున్నాడు' అన్న నీ వాక్యం ఈ పట్టిక ముందు నిలవదు. అసలు జరిగింది అంతకంటే బాగుంటుంది. వుడీ వెంట తిరిగి ఆయన తీరు ఒంటబట్టించుకున్న గాయకుడు ర్యాంబ్లింగ్ జాక్ ఎలియట్ నుంచే తండ్రి బాణీ చాలావరకు కొడుక్కి చేరింది. బుర్రకథ దళంలో కథకుడు మంచాన పడితే అతని కొడుక్కి వరసలు నేర్పేది వంతగాడే కదా, అలాంటిదే ఇది. తల్లి మార్జొరీని ఒక్క పేరాలో ముగించడం అన్యాయం. ఆధునిక నృత్యంలో పేరున్న మార్తా గ్రాహం బృందంలో నాట్యకారిణి ఆవిడ. భర్త పోయిన ఏడాదే ఆ వ్యాధి మీద పోరాటానికి సంస్థ పెట్టారు.

వ్యాధి గురించి రాసేటప్పుడు జాగ్రత్త. తల్లిదండ్రుల్లో ఒకరికుంటే ప్రతి బిడ్డకీ వచ్చే అవకాశం సగానికి సగం. వుడీ తల్లి దానితోనే పోయారు. ఆయన మొదటి పెళ్లి కూతుళ్లిద్దరూ నలభై ఒకటో ఏట దానికే బలయ్యారు. లక్షణాలు సాధారణంగా ముప్ఫైకీ యాభైకీ మధ్య బయటపడతాయి. కారణమైన జన్యువును పట్టుకున్నది 1993లో. ఆర్లో ఇరవైల్లో ఉండగా తేల్చి చెప్పే పరీక్షే లేదు. ఇంతవరకే రాయి. 'రాత్రులు భయంతో నిద్రపట్టేది కాదు' లాంటివి నువ్వు అల్లకు. ఆయన నోటి మాట దొరికితే తేదీతో సహా ఇవ్వు.

ఇక ఆర్లోకి పేరు తెచ్చిన 'ఆలిస్ రెస్టారెంట్' పాట. 1965 థాంక్స్‌గివింగ్ పండగనాడు మసాచుసెట్స్‌లోని స్టాక్‌బ్రిడ్జ్‌లో స్నేహితురాలు ఆలిస్ ఇంటి చెత్తను ఆర్లో, ఒక స్నేహితుడు కలిసి పారబోసి పట్టుబడ్డ ఉదంతం అది. జరిగింది ఒకటి, పాటలో చెప్పింది ఒకటి, 1969లో ఆర్థర్ పెన్ తీసిన సినిమా మరొకటి. నువ్వు మూడూ కలిపేశావు. పాటలో జరిమానా 50 డాలర్లు, నాటి పత్రిక వార్తలో తలకు 25. సినిమాలో మత్తుమందుకు బానిసైన షెల్లీ కల్పిత పాత్ర, నీ రెండో అధ్యాయంలో నిజం స్నేహితుడైపోయాడు! ఆ పేరాలు పూర్తిగా తీసెయ్.

పాటను మాత్రం గడియారం పెట్టుకుని విను. పద్దెనిమిదిన్నర నిమిషాలు, ఎల్పీ రికార్డు ఒక పక్కంతా అదే. పల్లవి చిన్నది, మిగతాదంతా మాట. గిటార్ మీద వేళ్లు ఒకే వరసను తిప్పితిప్పి వాయిస్తుంటే, పైన కథ నింపాదిగా నడుస్తుంది. శ్రోతలు నవ్వే చోట మాట ఆగుతుంది, గిటార్ ఆగదు. గిటార్ మీటుతూ మాటల్లో కథ చెప్పడం వుడీ కూడా చేసిన పనే. తండ్రి పోలిక చూపించాలంటే ఈ చోటు చూపించు, 'రక్తంలోనే ఉంది' అనకు.

తర్వాతి కాలాన్ని వేగంగా దాటించొచ్చు, కానీ తప్పులొద్దు. 1972లో ఆర్లోకి పేరు తెచ్చిన రైలు పాట 'సిటీ ఆఫ్ న్యూ ఆర్లియన్స్' రాసింది స్టీవ్ గుడ్‌మన్. 1983 తర్వాత పెద్ద కంపెనీ లేకుండా సొంత లేబుల్ మీదే రికార్డులు తెచ్చారు. ఆలిస్ కాపురమున్న పాత చర్చిని తొంభైల మొదట్లో కొని గత్రీ సెంటర్ చేశారు. 2020 అక్టోబరులో కచేరీలకు విరమణ ప్రకటించారు.

పాటల సాహిత్యం మీద హక్కులుంటాయి. అనుమతి రాకుండా చరణాలకు చరణాలు అనువదించి అచ్చు వేయకు, భావం నీ మాటల్లో చెప్పు. ముందు 1967 అధ్యాయం తిరగరాసి పంపు. 'ఆలిస్ రెస్టారెంట్' ఉన్న ఆర్లో మొదటి రికార్డు రావడం, తండ్రి పోవడం ఒకే శరదృతువులో జరిగాయి. నీ ప్రతిలో వాటి మధ్య రెండు అధ్యాయాల దూరం ఉంది.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య