నిమ్మసోడా కలిపే యంత్రం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: విశాఖ ఆర్కే బీచ్ దగ్గర మాకు సోడా షాపు ఉంది. నిమ్మ, సుగంధి, ద్రాక్ష వగైరా ఆరు రకాలు. బటన్ నొక్కితే గ్లాసు నిండే యంత్రం సొంతంగా కట్టుకుంటున్నాం. 12 వోల్టుల పంపులు పెట్టి, ఏ పంపు ఎన్ని సెకన్లు తిరగాలో ప్రోగ్రాంలో రాశాం. పొద్దున సరిగ్గా ఉన్న తీపి మధ్యాహ్నానికి ఎక్కువైపోతోంది. పంపులు మార్చాలా?

జవాబు: పంపుల్ని కాదు, సెకన్ల లెక్కను మార్చండి. ఫ్రిజ్‌లోంచి తీసిన పాకానికీ, మధ్యాహ్నం ఎండకి వేడెక్కిన పాకానికీ చిక్కదనంలో చాలా తేడా ఉంటుంది. 20 డిగ్రీల వద్ద, సమాన తూకం పంచదార, నీళ్లతో చేసిన పాకం నీటికంటే సుమారు 15 రెట్లు చిక్కన. అదే నూటికి 65 పాళ్లు పంచదార ఉన్న పాకమైతే దాదాపు 150 రెట్లు. మీవి గొట్టాన్ని రోలర్లతో నొక్కుతూ తోసే పెరిస్టాల్టిక్ పంపులే అయి ఉంటాయి. చిక్కటి పాకాన్ని లాగేటప్పుడు నొక్కుకున్న గొట్టం తిరిగి పూర్తిగా విచ్చుకునే లోపే తర్వాతి రోలర్ వచ్చేస్తుంది, మోటారు కూడా నెమ్మదిస్తుంది. దాంతో చల్లటి పాకం తక్కువగా, వెచ్చటిది ఎక్కువగా పడుతుంది. గొట్టం అరిగేకొద్దీ లెక్క ఇంకా తప్పుతుంది.

అందుకే గ్లాసు కింద లోడ్‌సెల్ (బరువుని కరెంటు సిగ్నల్‌గా మార్చే పరికరం) పెట్టి తూకం ప్రకారం పోయించండి. 1 కిలో లోడ్‌సెల్, ఆ సిగ్నల్‌ని అంకెలుగా మార్చే హెచ్‌ఎక్స్711 బోర్డు చాలు. ఆ బోర్డు మామూలుగా సెకనుకి 10 సార్లే తూకం చెబుతుంది. ఈ పనికి అది చాలదు కాబట్టి దాని రేట్ పిన్ను మార్చి 80కి పెట్టండి. అయితే తూకం గ్రాముల్లో వస్తుంది, మన కొలతలేమో మి.లీ.లలో ఉంటాయి. సమాన తూకం పాకం 1 మి.లీ. సుమారు 1.23 గ్రాములు తూగుతుంది. పంచదార రెండు వంతులు, నీళ్లు ఒక వంతు వేసి చేసిన పాకం 1.33 గ్రాములు. మీ పాకంలో ఇంకా ఏం కలుస్తాయో మీకే తెలుసు కాబట్టి 100 మి.లీ. కొలిచి ఒకసారి తూచుకోవడం మంచిది.

ఒక గ్లాసు నిమ్మసోడాకి లెక్క ఇలా ఉండొచ్చు. ఐసుతో గ్లాసు పెట్టగానే తూకం సున్నా చేయాలి. ముందు పాకం 30 మి.లీ., అంటే 37 గ్రాములు. తర్వాత నిమ్మరసం 15 మి.లీ., ఉప్పునీరు 5 మి.లీ., చివర సోడా 150 మి.లీ. ఉప్పు పొడిగా వేస్తే ఆ పలుకుల చుట్టూ గ్యాస్ బుడగలు కట్టి గ్లాసు పొంగుతుంది. అందుకే 100 గ్రాముల ఉప్పుని 400 మి.లీ. నీటిలో కరిగించి వాడండి. అందులో 5 మి.లీ.కి కాస్త అటూ ఇటూగా 1.15 గ్రాముల ఉప్పు వస్తుంది. దీని చిక్కదనం పెద్దగా మారదు కాబట్టి ఈ ఒక్కదానికి మాత్రం సెకన్ల లెక్క పనికొస్తుంది.

పాకానికీ నిమ్మరసానికీ నిమిషానికి 400 మి.లీ. ఇచ్చే పంపులు కొనండి. నిమిషానికి 100 మి.లీ. ఇచ్చే చిన్న పంపుతో 30 మి.లీ. పాకానికి 18 సెకన్లు పడుతుంది. ఆదివారం సాయంత్రం బీచ్‌లో అంతసేపు ఎవరు ఆగుతారు? చిన్న పంపు ఉప్పునీటికి చాలు.

పంపు ఆపాక కూడా గొట్టంలోంచి కొంత జారుతుంది. 400 మి.లీ. పంపు సెకనుకి దాదాపు 6.7 మి.లీ. తోస్తుంది, 0.2 సెకన్లు ఆలస్యమైతే చాలు 1.3 మి.లీ. ఎక్కువ పడినట్టే. ఆపిన అర సెకను తర్వాత తూకం చూసి, ఎంత ఎక్కువైందో అంత తర్వాతి గ్లాసులో ముందుగా ఆపేలా ప్రోగ్రాంలో రాయండి. ప్రతి పాకానికీ ఈ అంకె వేరుగా ఉంటుంది.

లోడ్‌సెల్‌ని పంపుల ఫ్రేముకి బిగించొద్దు, అదురు తూకంలోకి వస్తుంది. సముద్రపు గాలీ ఫ్యాను గాలీ కూడా కొన్ని గ్రాములు ఇటూ అటూ ఊపుతాయి. గ్లాసుకి మూడు వైపులా యాక్రిలిక్ పలకలు నిలబెట్టండి. పంపు తిరుగుతున్నా రెండు సెకన్లలో ఒక్క గ్రామైనా పెరగకపోతే సీసా ఖాళీ అయిందని అర్థం. తూకం ఉన్నట్టుండి పడిపోతే ఎవరో గ్లాసు తీసేశారు. ఈ రెండు సందర్భాల్లోనూ అన్ని పంపులూ ఆగాలి. మధ్యలో కరెంటు పోయి వస్తే మిగతా సగం పోయకుండా కొత్త ఆర్డరు కోసం ఆగాలి.

ప్రశ్న: సోడాని కూడా పంపుతోనే లాగుతున్నాం. గ్లాసులో పడేసరికి చప్పగా ఉంటోంది. (మధురవాడ)

జవాబు: పంపు లాగే చోట పీడనం తగ్గుతుంది, అక్కడే గ్యాస్ విడిపోతుంది. సోడాకి పంపు వద్దు. సేఫ్టీ వాల్వు ఉన్న కెగ్‌లో (పీడనం తట్టుకునే డబ్బాలో) సోడా నింపి, పైనుంచి కార్బన్ డయాక్సైడ్ పీడనంతోనే తోయించి, దారిలో కరెంటుతో తెరుచుకుని మూసుకునే సోలినాయిడ్ వాల్వు పెట్టండి. వాటర్ ఫిల్టర్ ట్యాంకుల్ని, పాత సిలిండర్లని కెగ్‌గా మార్చే ప్రయోగాలు చేయొద్దు.

అసలు కిటుకు చల్లదనంలో ఉంది. మామూలు గాలి పీడనంలో, 0 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 1.7 లీటర్ల గ్యాస్ కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద 0.7 లీటర్లు కూడా కరగదు. ఘాటైన సోడాకి లీటరుకి 4 లీటర్ల గ్యాస్ కావాలనుకుంటే, 4 డిగ్రీల నీటికి గేజిలో సుమారు 1.7 బార్ (ఒక బార్ అంటే దాదాపు మామూలు గాలి పీడనమంత) చాలు. 30 డిగ్రీల నీటికైతే 5 బార్ దాకా పెట్టాలి. అంత పీడనంతో బయటికొచ్చింది గ్లాసులో నురగగా పోతుంది. కాబట్టి కెగ్‌తో పాటు గొట్టాన్ని కూడా చల్లటి నీళ్లలో ఉంచండి. షాపు వేడికి గొట్టంలో నిలిచిన సోడానే తర్వాతి గ్లాసుని పొంగిస్తుంది. 4, 5 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న గొట్టాన్ని రెండు మూడు మీటర్ల పొడవున చుట్ట చుడితే పీడనం ఒక్కసారిగా కాకుండా మెల్లగా దిగుతుంది. చివర గ్లాసు గోడకి తగిలేలా ఏటవాలుగా వదలండి.

సోడా దారిలో ఇత్తడి, రాగి భాగాలు ఎక్కడా ఉండకూడదు. గ్యాస్ కలిసిన నీరు ఆమ్లం, రాగిని కరిగించి తాగేవాళ్లకి వాంతులు తెప్పిస్తుంది. సోలినాయిడ్ కూడా స్టీలు బాడీదే కొనండి, మార్కెట్లో చవకగా దొరికేవి ఎక్కువగా ఇత్తడివే. నిమ్మరసానికీ ఇదే మాట.

ఇంకొకటి. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌లో 20 డిగ్రీల వద్దే 57 బార్ పీడనం ఉంటుంది. 31 డిగ్రీలు దాటితే లోపలి ద్రవానికీ వాయువుకీ తేడా పోతుంది, అక్కడినుంచి పీడనం త్వరగా ఎక్కుతుంది. మన మే నెల ఎండలో దాన్ని షాపు బయట వదలొద్దు. రెగ్యులేటర్ లేకుండా వాడొద్దు, ఎప్పుడూ నిలబెట్టి గొలుసుతో కట్టి ఉంచండి. పడుకోబెడితే ద్రవం రెగ్యులేటర్‌లోకి వస్తుంది. ఈ గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేల దగ్గర పేరుకుంటుంది. నాలుగువైపులా మూసిన గదిలో పెట్టడం ప్రమాదం.

ప్రశ్న: మా ఇంజనీరింగ్ ప్రాజెక్టు ఇదే. పంపు తిరగగానే దాన్ని నడిపే ఈఎస్‌పీ32 కంట్రోలర్ బోర్డు రీసెట్ అవుతోంది. పవర్ ఇవ్వగానే ఒక పంపు దానంతట అదే ఒక్కసారి తిరుగుతోంది.

జవాబు: రెండూ వేరువేరు జబ్బులు. మోటారు కదిలే క్షణంలో మామూలుకి కొన్ని రెట్ల కరెంటు లాగుతుంది, వోల్టేజి కుంగి బోర్డు రీసెట్ అవుతుంది. 12 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) నుంచి బోర్డుకి విడిగా వైర్లు లాగి, మధ్యలో వోల్టేజిని 5కి తగ్గించే బక్ కన్వర్టర్, బోర్డు పక్కనే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. గ్రౌండ్ వైర్లన్నీ ఎస్‌ఎంపీఎస్ దగ్గరే కలవాలి. ప్రతి మోటారుకీ 1ఎన్4007 డయోడ్ అడ్డంగా వేయండి, గీత ఉన్న వైపు ప్లస్‌కి.

రెండోదానికి కారణం పిన్ను. ఈఎస్‌పీ32 లేచేటప్పుడు 0, 1, 3, 5, 14, 15 నంబర్ల పిన్నుల్లో సిగ్నల్ కదులుతుంది. 12వ పిన్నుకి ఆ సమయంలో వోల్టేజి అందుతూ (హైలో) ఉంటే బోర్డు లేవకపోవచ్చు. పంపులకి 25, 26, 27, 32, 33 లాంటివి వాడండి. పంపుని ఆన్, ఆఫ్ చేసే మాస్‌ఫెట్ గేటు నుంచి గ్రౌండుకి 10 కిలోఓమ్ రెసిస్టర్ మరవొద్దు. మీరు వాడిన మాస్‌ఫెట్ ఐఆర్‌ఎఫ్540 అయితే దాన్ని తీసేయండి, దానికి గేటు దగ్గర 10 వోల్టులు కావాలి. 3.3 వోల్టులకి సగమే తెరుచుకుని కాలిపోతుంది. ఏఓ3400 లాంటిది 2.5 వోల్టులకే తెరుచుకుంటుంది.

ప్రశ్న: నాలుగైదు రోజులకే గొట్టాల్లోంచి పులిసిన వాసన. రాత్రి నీళ్లు పోసి కడుగుతూనే ఉన్నాం. (గాజువాక)

జవాబు: నీళ్లు పాకాన్ని తీసేస్తాయి, గొట్టం గోడకి పట్టిన జిగురుని తీయవు. ముందు గోరువెచ్చటి నీళ్లు రుచి పూర్తిగా పోయేదాకా తిప్పండి. తర్వాత 5 శాతం సోడియం హైపోక్లోరైట్ లీటరు నీటికి 2 మి.లీ. కలిపితే 100 పీపీఎం (పది లక్షల పాళ్లలో 100) అవుతుంది. దాన్ని గొట్టంలో ఐదు నిమిషాలు నిలిపి, మంచినీళ్లతో మళ్లీ తిప్పండి. నిమ్మరసం ఉన్న గొట్టంలోకి ఇది నేరుగా వెళ్లకూడదు, ఆమ్లం తగిలితే క్లోరిన్ వాయువు వస్తుంది.

సిలికాన్ గొట్టం వాసనలు పీల్చుకుంటుంది. జల్జీరా, పుదీనా పోసిన గొట్టంలో ఇంక సుగంధి పోయకండి, ప్రతిదానికీ విడి గొట్టం ఉంచండి. పంపులో నలిగే ముక్కని పాకురుపట్టినా, చదునుగా అయిపోయినా మార్చేయాలి. నిమ్మరసాన్ని రెండు మడతల గుడ్డతో వడకట్టకపోతే గుజ్జు చేరి ఆగిపోతుంది. సబ్జా గింజలు చేత్తోనే వేయండి. పాలు, బాదం పాలు ఈ యంత్రంలో వద్దు, అవి విరిగే వేగానికి ఏ శుభ్రమూ చాలదు. సమాన తూకం పాకం బయట ఉంచితే పులుస్తుంది, ఫ్రిజ్‌లోనే పెట్టండి. సీసా మూతకి గాలి రంధ్రం ఉండాలి, లేకపోతే సీసా లోపలికి నొక్కుకుపోయి పంపుకి పాకం అందదు. ఆ రంధ్రానికి సన్నటి జాలీ కట్టడం మాత్రం మరవకండి. చీమలకి ఆ దారి ఎవరూ చెప్పక్కర్లేదు.

ప్రశ్న: హోటల్ బార్‌లో పెగ్గులకి ఇదే తూకం పద్ధతి పనికొస్తుందా?

జవాబు: లైసెన్సున్న బార్‌లో, బేషుగ్గా. కాకపోతే మద్యం నీటికంటే తేలిక. 42.8 శాతం మద్యం 30 మి.లీ. పెగ్గు సుమారు 28.3 గ్రాములే తూగుతుంది. 30 గ్రాములని రాస్తే ప్రతి పెగ్గుకీ దాదాపు 1.8 మి.లీ. యజమాని జేబులోంచి పోతుంది.

ప్రశ్న: రుషికొండ రోడ్డు మీద బండి. బాక్సు తుప్పు పట్టింది, బోర్డు మీద పచ్చటి బూజులాంటిది.

జవాబు: ఆ పచ్చటిది ఉప్పుగాలికి తినేసిన రాగి. జీఐ (జింకు పూత) రేకు మానేసి ఆటోనగర్‌లో 316 స్టీలుతో చేయించండి. 304 స్టీలు చవక, కానీ సముద్రం పక్కన దాని మీద గోధుమరంగు మరకలు వస్తాయి. ఏ స్టీలైనా వారానికోసారి మంచినీళ్లతో తుడవాలి. బోర్డుని దుమ్ము, నీటి జల్లు చొరని ఐపీ65 డబ్బాలో పెట్టి, వైర్లు కింది వైపు నుంచే, వైరు చుట్టూ బిగుసుకునే కేబుల్ గ్లాండ్ల ద్వారా లోపలికి వెళ్లేలా చూడండి. కనెక్టర్లకి టేపు వేసి, మిగతా బోర్డంతా తేమని ఆపే పూత, అంటే యాక్రిలిక్ కన్ఫార్మల్ కోటింగ్ స్ప్రే కొట్టండి. గుచ్చే జంపర్ వైర్లు ప్రయోగాల వరకే. బండిలో స్క్రూ టెర్మినల్‌లో బిగించాలి. చల్లటి సోడా గొట్టం మీద కారే చెమట కూడా తక్కువదేం కాదు, దానికి ఫోమ్ తొడుగు వేసి, బోర్డు డబ్బాకి పైన కాకుండా పక్కనుంచి తీసుకెళ్లండి.