డాక్టర్ సలహా: కరెంటు పెట్టించుకుంటే ఇంకో క్యాన్సర్ వస్తుందా?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు, ఉండేది కూకట్‌పల్లి. ఎడమ రొమ్ములో గడ్డ ఉంటే గడ్డ వరకే తీసేశారు, చంకలో గ్రంథులకు పాకలేదు, కీమో అక్కర్లేదన్నారు. రేడియేషన్ (అదే, కరెంటు) మాత్రం పెట్టాలంట. ఒక హాస్పిటల్లో మామూలు త్రీడీ చాలన్నారు, ఇంకోచోట రాపిడ్ ఆర్క్ అయితే సేఫ్ అని దాదాపు డబుల్ చెప్పారు. మా ఆడపడుచేమో కరెంటు పెట్టించుకుంటే పదేళ్లకి ఇంకో క్యాన్సర్ వస్తుంది, వద్దంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఆడపడుచు చెప్పింది పూర్తిగా అబద్ధమేం కాదండీ. రేడియేషన్ వల్ల చాలా ఏళ్ల తర్వాత, మామూలుగా పదేళ్లు దాటాక, ఊపిరితిత్తుల్లోనో రెండో రొమ్ములోనో కొత్త క్యాన్సర్ వచ్చే రిస్క్ కొంచెం పెరుగుతుంది. ఆ కొంచెం ఎంతా అన్నదే ఆవిడ చెప్పలేదు. 2017లో 75 ట్రయల్స్, 40 వేలకు పైగా ఆడవాళ్ల లెక్కలు కలిపి చూస్తే, ఇప్పటి డోసులతో ఊపిరితిత్తుల క్యాన్సర్ రిస్క్ సిగరెట్ అలవాటు లేనివాళ్లకి వెయ్యికి ముగ్గురు, ఏళ్ల తరబడి తాగుతూనే ఉన్నవాళ్లకి వందకి నలుగురు అని తేలింది. అంటే మిషన్ కన్నా సిగరెట్టే పెద్ద విలన్ (మీ వారికి అలవాటుంటే ఇంట్లో కాల్చొద్దని చెప్పండి, ఈ వంకతోనైనా). ఇటు చూస్తే, గ్రంథులకు పాకని కేసుల్లో గడ్డ మాత్రం తీసి రేడియేషన్ ఇవ్వకపోతే పదేళ్లలో వందలో 31 మందికి తిరగబెట్టింది, ఇచ్చినవాళ్లలో 16 మందికి. పాత ట్రయల్స్ లెక్కలే, ఇప్పుడు రెండు నంబర్లూ ఇంకా తక్కువుంటాయి, అయినా తక్కెడ ఎటు మొగ్గుతుందో మీకే తెలుస్తోంది కదా.

ఇక మిషన్ సంగతి. త్రీడీలో రెండు వైపుల నుంచి ఏటవాలుగా రొమ్ము మీదుగా కిరణాలు పోతాయి, కింద ఊపిరితిత్తి అంచు కొంచెం తగులుతుంది, అవతలి రొమ్ము చాలావరకు తప్పించుకుంటుంది. రాపిడ్ ఆర్క్‌లో మిషన్ ఒంటి చుట్టూ తిరుగుతూ ఇస్తుంది కాబట్టి ఇవ్వాల్సిన చోట డోసు చక్కగా సర్దుకుంటుంది గానీ, వాకిట్లో కల్లాపి జల్లినట్టు కొంచెం కొంచెం డోసు కుడి ఊపిరితిత్తికీ కుడి రొమ్ముకీ కూడా చిందుతుంది. కొత్త క్యాన్సర్ ఒక్కటే చూసుకుంటే ఆ చిందేదే మనకి ఇబ్బంది, కాబట్టి ఖరీదైంది కదా సేఫ్ అనుకోవడానికి లేదు. గ్రంథులకు కూడా ఇవ్వాల్సి వచ్చినా, ఛాతీ ఆకారం వల్ల గుండె మరీ అడ్డం వస్తున్నా ఆర్క్ నిజంగా పనికొస్తుంది, మీరు రాసినదాన్ని బట్టి మీకా అవసరం కనిపించట్లేదు. రెండో రొమ్ము రిస్క్ కూడా ముఖ్యంగా 40 లోపు వాళ్లలోనే కనిపించింది. ప్రోటాన్ అనే ఇంకో ఖరీదైన రకం రేడియేషన్ ఉంది, దానికోసమంటూ చెన్నై దాకా పరుగెత్తక్కర్లేదు.

మీది ఎడమ వైపు కాబట్టి డబ్బు కన్నా ముందు అడగాల్సింది ఇంకోటుంది, ఊపిరి బిగపట్టి ఇస్తారా అని. గట్టిగా ఊపిరి పీల్చి ఇరవై సెకన్లు అలా ఆపితే గుండె ఛాతీ గోడ నుంచి వెనక్కి జరుగుతుంది, త్రీడీతోనే చక్కగా చేయొచ్చు. గుండెకి సగటు డోసు ఒక్క గ్రే (రేడియేషన్‌ని కొలిచే యూనిట్) పెరిగితే గుండెజబ్బు రిస్క్ 7 శాతం పైన పెరుగుతుంది మరి. సీటీ తీసి ప్లాన్ వేశాక గుండెకెంత, ఎడమ ఊపిరితిత్తికెంత, కుడి రొమ్ముకెంత అని అడగండి, వీలైతే రెండు ప్లాన్లూ పక్కపక్కన పెట్టి చూపించమనండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు. ఇంట్లో అమ్మకో అక్కకో చిన్న వయసులోనే ఈ జబ్బు వచ్చుంటే అది ముందే చెప్పండి, కొన్ని జీన్ లోపాలుంటే లెక్కంతా మారిపోతుంది.

ఖర్చు ఇబ్బందైతే రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ హాస్పిటల్ ఉంది, ఆరోగ్యశ్రీలో రేడియేషన్ కవర్ అవుతుంది. చాలామందికి ఇప్పుడు 15 సిట్టింగ్‌లతో, అంటే మూడు వారాల్లో అయిపోతుంది. ఆపరేషన్ ఎప్పుడైందో మీరు రాయలేదు, గాయం మానితే ఈ రెండు హాస్పిటళ్ల మధ్య తిరుగుతూ రెండు నెలలు దాటనివ్వకండి.