అభిమాన ఇండీ బ్యాండ్ కొత్త సింగిల్‌ని విమర్శకులు ఏకిపారేశారు. బ్యాండ్ పని అయిపోయినట్టేనా?

అయిపోలేదు. ఒక్క పాటకి వచ్చిన రివ్యూలు చూసి ఏ బ్యాండ్‌కీ తిలోదకాలు ఇవ్వకండి.

మీరు రాసింది ఇదీ: రెండు ఆల్బమ్‌లు గిటార్లతో హోరెత్తించిన బ్యాండ్ ఈసారి సింథసైజర్లు (ఎలక్ట్రానిక్‌గా ధ్వనులు పుట్టించే వాయిద్యాలు) పట్టుకుంది. సింగిల్ (ఆల్బమ్‌లోంచి విడిగా వదిలే పాట) వచ్చిన రోజే మూడు నాలుగు చోట్ల ఉతికి ఆరేశారు. ఒకాయన ఐదుకి రెండు చుక్కలు, అంటే స్టార్లు, ఇచ్చాడు. అభిమానులేమో పాత బ్యాండ్ కావాలని గోల చేస్తున్నారు. ఆ రివ్యూలన్నీ పాట వచ్చిన రోజే వచ్చాయి చూశారా, నా అనుమానమంతా అక్కడే.

నేను కొన్నేళ్లు ఒక ఇండీ బ్యాండ్‌లో (పెద్ద కంపెనీల అండ లేకుండా నడిచే బ్యాండ్) బేస్ గిటార్ వాయించాను. పెద్ద పేరేం రాలేదు గానీ, ఒక పాట మా చేతిలోంచి వెళ్లి విమర్శకుడి చేతిలో పడేదాకా మధ్యలో ఏం జరుగుతుందో దగ్గర్నుంచి చూశాను. ఆ చూసింది చెబుతాను, మీ ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది.

మా సింగిల్ ఒకదానికి చివరి కోరస్‌లో (మళ్లీ మళ్లీ వచ్చే పల్లవిలో) ట్రంపెట్ పెట్టాం. మా గిటారిస్ట్ స్నేహితుడు వచ్చి చక్కగా వాయించి వెళ్లాడు. తీరా గొంతునీ వాయిద్యాల్నీ కలిపే మిక్సింగ్‌కి కూర్చుంటే గొంతు, ట్రంపెట్ ఒకే స్థాయిలో ఢీకొంటున్నాయి. ఇది పెంచితే అది మునుగుతోంది, అది పెంచితే ఇది అరుస్తోంది. మిక్సింగ్ చేస్తున్నాయన చాలాసేపు కుస్తీ పట్టి, చివరికి ఏమీ అనకుండా ట్రంపెట్ ట్రాక్‌ని మ్యూట్ చేసి పాట మళ్లీ మొదలుపెట్టాడు. మా సింగర్ గొంతు ఒక్కసారిగా ముందుకొచ్చింది. చివరి చరణంలో ఊపిరి తీసుకునే చప్పుడు కూడా వినిపించింది. మా డ్రమ్మర్ లేచి నిలబడి "ఇంక దాన్ని ముట్టుకోకండి" అన్నాడు. అంతే, ట్రంపెట్ పాటలో లేదు.

కానీ ప్రెస్ నోట్‌లో ఉంది. ప్రచారం చూసే మనిషి ఆ నోట్‌ని అంతకుముందు వచ్చిన, ట్రంపెట్ ఉన్న రఫ్ మిక్స్ విని రాశాడు. విమర్శకులకి వెళ్లిన మెయిల్లో ఆ నోటూ ఉంది, దాని కిందే ఫైనల్ పాట లింకూ ఉంది. విడుదల రోజు పొద్దున్నే రిహార్సల్ గదిలో అందరం చేరాం. సింగర్ ఫోన్లోంచి మొదటి రివ్యూ పైకి చదువుతోంది. నాలుగో వాక్యంలో ఆగిపోయింది. చివర్లో వచ్చే ట్రంపెట్ పాటకి ప్రాణం పోసిందట. ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నట్టు, మధ్యాహ్నానికి మరో రెండు చోట్ల కూడా ఆ ట్రంపెట్‌ని మెచ్చుకుంటూ రాశారు.

అవన్నీ మంచి రివ్యూలే. అయినా ఆ రోజు మాలో ఎవరికీ సంతోషం లేదు. చివరి చరణం మాటల కోసం మా సింగర్ ఎన్ని రాత్రులు నిద్ర మానుకుందో మాకు తెలుసు. దాని గురించి ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు. ట్రంపెట్ వాయించిన అబ్బాయికేమో అభినందనలు వస్తుంటే ఏం జవాబివ్వాలో తెలియక మాకు ఫోన్ చేశాడు. పొగిడినా తిట్టినా ముందు పాట వినాలి కదా. వినకుండా పొగిడితే తిట్టుకన్నా ఎక్కువ బాధగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

అదే పాటకి రెండు వారాల తర్వాత ఒక చిన్న రేడియో కార్యక్రమంలో మరో విమర్శ వచ్చింది. ఆ విమర్శ చేసినావిడకి పాట నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో మాత్రం పాటలో ఆ చోటు చూపించి మరీ చెప్పింది. రెండో కోరస్‌తో పాట చెప్పాల్సింది చెప్పేసిందని, ఆ తర్వాత వచ్చే బ్రిడ్జ్‌లో (పాట మలుపు తిరిగే మధ్య భాగంలో) అదే స్వరాల వరుసని మళ్లీ తిప్పారని, అక్కడ బేస్ కూడా కొత్త దారి వెతకలేదని అంది. బేస్ అంటే నేనే. ఆ మాట వినగానే ఆవిడ పాటని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, పైనుంచి కిందిదాకా, ఒకటికి రెండుసార్లు విన్నదని అర్థమైంది. తర్వాతి షోలో ఆ బ్రిడ్జ్‌ని సగానికి కోసి వాయించాం. పాట ముగిసీ ముగియకముందే జనం కేకలు మొదలయ్యాయి. మాకు పనికొచ్చిన రివ్యూ ఏదంటే ఆ నచ్చలేదన్నదే.

అందుకే మీరు చుక్కలు లెక్కపెట్టకండి. ఆ రివ్యూల్లో ఒక్కదాన్నయినా తీసుకుని, పాటలో ఫలానా చోట ఫలానాది జరిగిందని రాశారా లేదా చూడండి. సింథ్ ఎక్కడ మొదలైంది, డ్రమ్స్ మనిషి వాయించినవా మెషీన్‌వా, గొంతుని ఎందుకు వెనక్కి నెట్టారు, ఇలాంటి ఊసే లేకుండా మొదటి పేరా అంతా బ్యాండ్ చరిత్ర, రెండో పేరా అంతా ఎవరి పాటలా ఉందో పోలికలు, మూడో పేరాలో తీర్పు ఉంటే, అది ప్రెస్ నోట్‌కి రాసిన రివ్యూ. ఆ పోలికల జబ్బు ఒకటి. సింథ్ వినిపిస్తే చాలు ఎనభైల నాటి బ్యాండ్ల పేర్లు ఏకరువు పెడతారు. ఆ పేర్లు తెలియని వాడికి పాట ఎలా ఉంటుందో ఎవరు చెబుతారు?

విమర్శకులందరూ బద్ధకస్తులని నేననను. వాళ్ల కింద నేలే కదిలిపోయింది. 2015 జూలై నుంచి ప్రపంచమంతటా కొత్త పాటలకి శుక్రవారాన్నే విడుదల రోజు చేశారు. అంటే ఆ ఒక్క రోజే కుప్పలుతెప్పలుగా వచ్చి పడతాయి. 1952 నుంచి వారంవారం సింగిల్స్‌ని తూకం వేసిన ఎన్‌ఎంఈ అనే బ్రిటన్ సంగీత వారపత్రిక అచ్చు 2018లో ఆగిపోయింది. ఇండీ సంగీతానికి పెద్ద దిక్కుగా ఎదిగిన రివ్యూల వెబ్‌సైట్ పిచ్‌ఫోర్క్‌ని 2024 జనవరిలో దాని యజమాని కాండే నాస్ట్ తీసుకెళ్లి మగవాళ్ల ఫ్యాషన్ పత్రిక జీక్యూలో కలిపేసింది, చాలామంది ఉద్యోగాలు పోయాయి. కూర్చుని పాట వినడానికి జీతమిచ్చే చోట్లు తగ్గిపోయాయి, రాయాల్సిన పాటలు మాత్రం పెరిగాయి. ఇంకోవైపు పాటలు వినే యాప్ స్పాటిఫై 30 సెకన్లు దాటితేనే విన్నట్టు లెక్క వేస్తుంది. దాంతో మెల్లగా రాజుకునే పాటంటే లేబుల్ (పాటలు విడుదల చేసే కంపెనీ) వాళ్లకీ టెన్షనే. మా పాటకే మొదట్లో ఉన్న గిటార్ ముక్కని కత్తిరించమని ఎంత పోరు పెట్టారో!

ఇక మార్కుల సంగతి. అంకెలంటే నాకు అస్సలు పడదు. 2003లో అమెరికన్ గాయని లిజ్ ఫెయిర్ ఆల్బమ్‌కి పిచ్‌ఫోర్క్ 10కి 0.0 ఇచ్చింది. ఆ రివ్యూ రాసినాయన 2019లో బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. 2021లో అదే పిచ్‌ఫోర్క్ పాత మార్కులు కొన్ని దిద్దుతూ దాన్ని 6.0 చేసింది. 2003కీ 2021కీ మధ్య ఆ ఆల్బమ్‌లో ఒక్క స్వరం కూడా మారలేదు. ఫ్రెంచ్ జంట డాఫ్ట్ పంక్ వాళ్ల డిస్కవరీ ఆల్బమ్‌కి అప్పట్లో 6.4 వేసి, ఈ దిద్దుబాటులో 10 చేశారు. 2006లో జెట్ అనే బ్యాండ్ ఆల్బమ్‌కైతే 0.0 ఇచ్చి, రాతకి బదులు ఒక కోతి వీడియో పెట్టారు. నలుగురు మనుషులు నెలల తరబడి చేసిన పనికి అదా జవాబు? పాట ఎంత చెత్తగా ఉన్నా ఎక్కడ చెడిందో చెప్పడం విమర్శకుడి బాధ్యత. అది కూడా చెయ్యకపోతే ఆ కుర్చీ దేనికి?

మొదటి వారం తీర్పు నిలబడదనడానికి బ్రిటన్ బ్యాండ్ రేడియోహెడ్ కన్నా మంచి సాక్ష్యం నాకు తెలియదు. వాళ్ల క్రీప్ పాట 1992లో వచ్చినప్పుడు బ్రిటన్ చార్టుల్లో 78 దాటి పైకి రాలేదు. మరీ దిగులుగా ఉందని బీబీసీ రేడియో 1 పక్కన పెట్టేసింది. బయటి దేశాల రేడియోల్లో మోగడం మొదలయ్యాక 1993లో మళ్లీ విడుదల చేస్తే ఏడో స్థానానికి ఎక్కింది. పాట అదే, బ్యాండ్ అదే.

ఇంకా మీ బ్యాండ్‌కి దగ్గరగా ఉండేది అదే రేడియోహెడ్ 2000లో ఇచ్చిన కిడ్ ఎ ఆల్బమ్. గిటార్లతో గెలిచినవాళ్లు ఒక్కసారిగా సింథ్‌ల వైపు, డ్రమ్ మెషీన్ల వైపు మళ్లారు. మెలొడీ మేకర్ పత్రిక దాన్ని చీల్చి చెండాడింది. పిచ్‌ఫోర్క్ పదికి పది ఇచ్చింది. 2009 చివర్లో రోలింగ్ స్టోన్ పత్రిక దాన్ని ఆ దశాబ్దపు మేటి ఆల్బమ్‌గా నిలబెట్టింది. ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది ఏంటంటే, దాన్నుంచి వాళ్లు ఒక్క సింగిల్ కూడా విడిగా విడుదల చెయ్యలేదు. ఆల్బమ్ మొదట్నుంచి చివరిదాకా వింటే ఆ సింథ్‌లు ఎందుకొచ్చాయో మెల్లగా తెలుస్తుంది. అందులోంచి ఒక్క ముక్క కోసి చేతిలో పెట్టి ఎలా ఉందంటే, పాత అభిమాని గిటార్ ఏదని వెతుక్కోవడం తప్ప ఏం చేస్తాడు?

మీ బ్యాండ్ సింగిల్ కూడా అలాంటి ముక్కే. పైగా ఆల్బమ్‌లోంచి ముందుగా ఏ పాట వదలాలో చాలాసార్లు బ్యాండ్ చేతుల్లో ఉండదు. మేం ఒక పాట అనుకుంటే లేబుల్ ఇంకోటి ఎంచింది. రేడియోకి నప్పేది, వీడియో తీయడానికి వీలయ్యేది, చిన్నది, అవీ వాళ్ల కొలతలు. మాకు ప్రాణమైన పాట ఆల్బమ్‌లో ఏడోదిగా ఉండిపోయింది.

అభిమానుల గోల గురించి కూడా ఒక మాట. మొదటి ఆల్బమ్ వినేనాటికి మీ వయసెంతో, అప్పుడు మీ జీవితంలో ఏం నడుస్తోందో, అదంతా ఆ పాటలకి అంటుకుని ఉంటుంది. కొత్త పాటకి ఆ బలం ఉండదు, కొన్నాళ్లు మనతో తిరిగితేగానీ రాదు. పాత బ్యాండ్ కావాలని అడిగేవాళ్లలో సగంమంది అడుగుతున్నది ఆ రోజుల్ని. బ్యాండ్ దాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చిస్తుంది? ఒకవేళ అలాంటి పాటే మళ్లీ చేస్తే, చేసిందే చేస్తున్నారని ఇదే జనం విసుక్కుంటారు. మా రెండో సింగిల్‌కి సరిగ్గా ఆ మాటే వచ్చింది.

అయితే పాట నిజంగానే బాగోలేదేమో అని మీ అనుమానం. ఉండొచ్చు. దానికి రివ్యూలకన్నా నమ్మకమైన ఆధారం ఒకటుంది, బ్యాండ్ సెట్‌లిస్ట్. ఏ రాత్రి ఏ పాట ఏ వరుసలో వాయించారో నెట్‌లో దొరుకుతూనే ఉంటుంది. కొత్త సింగిల్‌ని ప్రచారం కోసం మొదటి కొన్ని షోల్లో ఎలాగూ వాయిస్తారు, అది లెక్కలోకి రాదు. ఆ తర్వాత గమనించండి. బ్యాండ్‌కే నమ్మకం లేని పాటని మెల్లగా మధ్యలోకి, రెండు పెద్ద హిట్ల నడుమకి తోస్తారు, తర్వాతి టూర్‌కి అది కనిపించదు. నమ్మకం ఉన్న పాటతో షో మొదలుపెడతారు, లేదా చివర్లో జనం గొంతు కలిపే చోట పెడతారు. స్టేజి మీద నిలబడి వాయించేవాడికి ఆ పాట గదిలో గాలిని పైకి లేపిందో కిందకి దించిందో ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. మా బ్యాండ్‌లో ఏ పాట ఉండాలో ఏది పోవాలో రివ్యూ చూసి ఏనాడూ తేల్చుకోలేదు, షో అయ్యాక వైర్లు చుట్టుకుంటూ తేల్చుకునేవాళ్లం.

మీ బ్యాండ్ టూర్ మొదలయ్యాక ఓ రెండు నెలలు ఆగి, ఈ సింగిల్‌ని ఎక్కడ పెట్టారో చూసి ఇక్కడే రాయండి. బ్యాండ్ పేరు కూడా చెబితే నేనూ ఆల్బమ్ మొత్తం వింటాను.