అమ్మణ్ణికి, పిండి తగ్గించిన బ్రెడ్డు గురించి

అమ్మణ్ణీ,

మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నువ్వూ మీ అత్తగారూ పొద్దున టిఫినుకి ఇడ్లీ, దోశ మానేసి బాదం పొడితో బ్రెడ్డు, మఫిన్లు చేసుకోబోతా ఉండారంట. పాలల్లో బన్ను ముంచి ఇస్తే గానీ బడికి కదలని పిల్లవి, ఇప్పుడు ఆ బన్నుకి బదులు నువ్వే వెతుక్కుంటా ఉండావంటే గర్వంగా ఉండాది. కానీ షుగరుండే మీ అత్తగారు కూడా ఇదే తింటారని వినగానే నిద్ర పట్టలేదు. అందుకే వంట కంటే ముందు ఇది చదువు.

ఆమె షుగరు మాత్రల పేర్లు చూడు. గ్లిమిపిరైడ్ రకం మాత్ర గానీ, ఇన్సులిన్ గానీ ఉంటే, నువ్వు పళ్లెంలో పెట్టేది ఇడ్లీనా బాదం బ్రెడ్డా అని అవి చూడవు, వాటి పని అవి చేసుకుపోతాయి. ఇడ్లీ ఒక్కసారిగా తీసేస్తే షుగరు 70 కిందికి పడిపోవచ్చు. చెమట, వణుకు, గుండెదడ, మాట తడబడటం, ఇవి కనపడితే ఆలస్యం చెయ్యొద్దు. మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లల్లో కలిపి తాగించి, 15 నిమిషాలకి మళ్లీ పరీక్ష చెయ్యి. మనిషి తెలివిలో లేకపోతే నోట్లో ఏమీ పొయ్యొద్దు, 108కి ఫోన్ చెయ్యి. అలాంటప్పుడు నీ బాదం బ్రెడ్డు పెడితే ఎందుకూ పనికిరాదు, అందులో చక్కెరే లేదు గదా. మాత్ర డపాగ్లిఫ్లోజిన్ అయితే భయం వేరే. పిండిపదార్థం బాగా తగ్గించినప్పుడు షుగరు మామూలుగా కనపడతానే రక్తం ఆమ్లమయ్యే ప్రమాదం ఉండాది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఆస్పత్రికే. కాబట్టి ఆమె డాక్టరుకి చెప్పి, డోసు మార్చాలంటే మార్పించిన తర్వాతే ఆమె పళ్లెంలో మార్పు చెయ్యి. అప్పటిదాకా నువ్వొక్కదానివే తిను. ఈ మాటలో నాకు బేరం లేదు.

ఇక వంట. బాదం పొడి మూడు టేబుల్ స్పూన్లు ఎత్తుకో, సుమారు 20 గ్రాములు. గుడ్డు ఒకటి, బేకింగ్ పౌడర్ అర టీస్పూను, ఉప్పు చిటికెడు, కరిగిన నెయ్యి ఒక టీస్పూను. ఇంటర్నెట్లో టేబుల్ స్పూను నెయ్యి పొయ్యమంటారు, వద్దు. ఆ ఒక్క స్పూనులోనే 120 కేలరీలు. పిండిపదార్థం తగ్గినంత మాత్రాన కేలరీలు తగ్గవు, బరువు దిగాలనుకునే వాళ్లు చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. గుడ్డు ఫ్రిజ్‌లోంచి ముందే తీసి పెట్టు, చల్లగా ఉంటే నెయ్యి గడ్డకట్టి పిండిలో కలవదు. అన్నీ ఫోర్కుతో గిలక్కొట్టి, అడుగు చదునుగా, అంచులు నిటారుగా ఉండే గాజు గిన్నెలో పోసి మైక్రోవేవ్ ఓవెన్లో 90 సెకన్లు పెట్టు. మధ్యలో వేలితో నొక్కితే తడి తగిలితే పది పది సెకన్లు పెంచుకో. ఎక్కువైతే రబ్బరయిపోతుంది, ఎందుకంటే గోధుమలో ఉండే జిగురు ఇందులో లేదు, మొత్తం పట్టుకునేది గుడ్డే, గుడ్డు అతిగా ఉడికితే బిగుసుకుంటుంది. బయటికి తీసిన నిమిషానికల్లా గిన్నెలోంచి తిరగెయ్యి, లేకపోతే ఆవిరికి అడుగు తడిసిపోతుంది. అడ్డంగా రెండు ముక్కలు కోసి పెనం మీద ఎర్రగా కాల్చు. గుడ్డు వాసన పోయేది ఈ కాల్చడంతోనే. నెల్లూరు ఎర్రకారం పల్చగా రాసి కాల్చావంటే దోశ గుర్తుకు రాదు. కరెంటు పోతే ఇదే పిండి ఇడ్లీ గుంటల్లో పోసి పది పన్నెండు నిమిషాలు ఆవిరి పట్టి, తర్వాత పెనం మీద వెయ్యి.

బేకింగ్ పౌడర్ మన సముద్రపు గాలికి త్వరగా చచ్చిపోతుంది. అర స్పూను వేడినీళ్లల్లో వేస్తే బుసబుసా పొంగాలి. పొంగకపోతే పారెయ్యి. బాదం ఇంట్లో పట్టుకుంటే మిక్సీ ఆపి ఆపి తిప్పు, ఒకే పట్టున తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. పొడి ఫ్రిజ్‌లోనే పెట్టు.

ఇప్పుడు అసలు తప్పు గురించి. బాదం ఖరీదని మన ఇళ్లల్లో చాలామంది కొబ్బరి వైపు తిరుగుతారు. వంటకంలో కొబ్బరి పిండి అని రాసి ఉంటే డబ్బాలోని ఎండుకొబ్బరి పొడి తీసి వేస్తారు. పైగా బాదం మూడు స్పూన్లున్న చోట కొబ్బరీ మూడు స్పూన్లే. ఇందులో తప్పులు రెండు. ఎండుకొబ్బరిలో సగానికి పైగా నూనె. ఓవెన్లో వేడి తగలగానే నూనె కారి, గుడ్డు ఒకవైపు, కొబ్బరి పొట్టు ఒకవైపు విడిపోతాయి, చేతిలోకి తీస్తే పొడిపొడిగా రాలిపోతుంది. కొబ్బరి పిండి వేరు. పాలు పిండేశాక మిగిలిన పిప్పిని ఎండబెట్టి మెత్తగా ఆడించి జల్లించేది. నూనె చాలావరకు పోయి పీచు మిగులుతుంది, ఆ పీచు నీళ్లని విపరీతంగా పీల్చేస్తుంది. అందుకే బాదం కప్పు ఉన్న చోట ఇది పావు కప్పు చాలు, గుడ్లూ తడీ పెంచాలి. మఫినుకి రెండు టేబుల్ స్పూన్ల కొబ్బరి పిండికి గుడ్డు ఒకటి, పాలు మూడు టేబుల్ స్పూన్లు, నెయ్యి రెండు టీస్పూన్లు, బేకింగ్ పౌడర్ అర టీస్పూను, యాలకుల పొడి. కలిపిన వెంటనే ఓవెన్లో పెట్టొద్దు, అయిదు నిమిషాలు నానబెట్టు. అప్పటికి బాగా గట్టిపడితే ఇంకో స్పూను పాలు పొయ్యి. నానకముందే పెడితే బయట ఉడికి లోపల ఇసక తగిలినట్టు ఉంటుంది, తిన్నాక గొంతు ఎండుతుంది. చేపల పులుసులోకి కాకపోయినా కుర్మాకి కొబ్బరి పాలు తీస్తావు గదా, ఆ పిప్పి పారెయ్యకు. మే నెల ఎండకి పళ్లెంలో పల్చగా పరిస్తే గలగలమనేదాకా ఎండుతుంది. వాన రోజుల్లో మాత్రం ప్రయత్నించకు, బూజు పడుతుంది.

తీపికి చక్కెర బదులు వాడే ఎరిత్రిటాల్ పొడి వాడు, చక్కెరలో 70 శాతం తీపి ఉంటుంది, నోరు కొంచెం చల్లబడినట్టు అనిపిస్తుంది, అది మామూలే. తాటిబెల్లం, తేనె, ఖర్జూరం మంచివని మీ అమ్మ చెప్తుంది, షుగరు లెక్కలో అవీ చక్కెరే. సజ్జ, జొన్న, రాగి, కొర్ర పిండి కలిపితే జిగురొస్తుందని ఎవరైనా చెప్పినా వద్దు. మంచి తిండే, కానీ నూరు గ్రాముల్లో 60 గ్రాములకు పైనే పిండిపదార్థం.

శనివారం మీ అత్తగారు గుడ్డు ముట్టరు గదా. ఆ రోజుకి బాదం పొడి 60 గ్రాములు, ఇసబ్గోల్ పొట్టు ఒక టేబుల్ స్పూను, ఉప్పు, వాము కలిపి, వేడినీళ్లు కొంచెం కొంచెంగా పోస్తా ముద్ద చెయ్యి. పది నిమిషాలకి బిగుస్తుంది. రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య ఒత్తి, మూత పెట్టి సన్న సెగన కాల్చు. మందుల షాపులో నారింజ రుచి ఇసబ్గోల్ ఇస్తే తీసుకోకు, చాలావాటిలో చక్కెర ఉంటుంది, సాదాది అడుగు. అది తిన్న పూట ఆమె పెద్ద గ్లాసు నిండా నీళ్లు తాగాలి, మాత్రలకీ దానికీ రెండు గంటల తేడా ఉండాలి.

మీ పెద్దమ్మ,
కావలి