ముందు నేల, ఆ తరువాతే మిషన్లు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన కార్ల రిపేరు షెడ్డు ప్లాను రెండు రోజులుగా నా బల్ల మీదే ఉంది. ముందు వైపు అద్దాల ఆఫీసు, వెనుక ఆరు బేలు (ఒక్కో బండిని నిలిపి పనిచేసే చోట్లు), ఎడమ మూలన బండి కింద నిలబడి పనిచేసే గొయ్యి, దాని పక్కన వాషింగ్. కొనాల్సిన మిషన్ల జాబితా ధరలతో సహా రెండు పేజీలు. నేల గురించి మాత్రం ఒకే మాట రాశావు: కాంక్రీటు. నాకు అభ్యంతరం అక్కడే మొదలైంది. బండి కంప్యూటరులో లోపాలు చదివే స్కానర్ వచ్చే ఏడాది కొనుక్కోవచ్చు. నేల, కప్పు ఎత్తు, గోడల్లో వైర్ల గొట్టాలు, ఈ మూడూ ఒకసారి తప్పాయంటే షెడ్డు నడుస్తుండగా సరిచేయలేవు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకున్న రోజుల్లో అంబాసిడర్ కార్బురేటర్ విప్పి కడిగి, పాయింట్ల సందు సరిచూస్తే సగం జబ్బులు పోయేవి. దానికి రేకు నీడ చాలు. ఇప్పటి డీజిల్ బండి అలా కాదు. టైరులో గాలి ఒత్తిడి రెండు బార్ల పైచిలుకు ఉంటే, ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టరుకు వెళ్ళే డీజిల్ ఒత్తిడి 2,000 బార్ల దాకా ఉంటుంది. ఆ ఇంజెక్టర్ విప్పే చోట గ్రైండర్ దుమ్ము ఎగురుతుంటే బాగుచేయడం కాదు, పాడుచేయడమే. అందుకే ఆఫీసులో సగం తగ్గించి, తలుపు మూసుకునే శుభ్రమైన గది ఒకటి కట్టు. కస్టమరుకు కూర్చోవడానికి నాలుగు కుర్చీలు చాలు.

నేల సంగతి వివరంగా చెబుతాను. మన మేస్త్రీలు షెడ్డు అనగానే నీళ్ళు పోవడానికి అంతటా వాటం పెడతారు. వాటం వాషింగ్ దగ్గరే ఉండాలి. వీల్ అలైన్‌మెంట్ చేసే బే, దాని ముందున్న ఖాళీ రసమట్టానికి సరిగ్గా నిలవాలి. 2021లో మహీంద్రా ఎక్స్‌యూవీ700 వచ్చాక ముందు అద్దం వెనుక కెమెరా, బంపర్ లోపల రాడార్ ఉన్న కార్లు మన ఊళ్ళకూ వచ్చేశాయి. అద్దం మార్చితే కెమెరా చూపును మళ్ళీ సరిచేయాలి. కొన్ని మోడళ్ళకు రోడ్డు మీద నడిపితే సరిపోతుంది. కొన్నింటికి బండి ముందు కొలత ప్రకారం గుర్తుల బోర్డు నిలబెట్టాలి. నేల వంకరగా ఉంటే ఆ కొలతే తప్పు. ఒక్క డిగ్రీ తేడా 50 మీటర్ల దూరంలో దాదాపు 87 సెంటీమీటర్లు అవుతుంది. బ్రేకు తనంతట తాను వేసుకునే బండిలో ఆ తేడా ఎంత ప్రమాదమో ఆలోచించు. నీ షెడ్డు ముఖం పడమరకు ఉంది. సాయంత్రం ఎండ నేరుగా బోర్డు మీద పడి మెరిస్తే కెమెరా చదవలేదు. ఆ బేను తూర్పు గోడ వైపుకు జరిపి, వెలుతురు సమంగా పడే లైట్లు పెట్టు.

బండిని పైకి లేపే లిఫ్టు కాళ్ళు నిలిచే చోట ఎంత మందం, ఎలాంటి కాంక్రీటు కావాలో తయారీదారు డ్రాయింగులో ఉంటుంది. లిఫ్టు ఆర్డరు పెట్టక ముందే ఆ డ్రాయింగ్ తెప్పించి మేస్త్రీ చేతికివ్వు. పలుచటి నేలలో బోల్టులు కదిలి, బండి పైన ఉండగానే లిఫ్టు ఒక పక్కకు వంగడం నా కళ్ళతో చూశాను. అదృష్టం కొద్దీ కింద ఎవరూ లేరు. ఎత్తు లెక్క కూడా చూసుకో. లిఫ్టు ఆరడుగులు లేపితే, దాని మీద ఎస్‌యూవీ మరో ఆరడుగులు. కప్పు పదిహేను అడుగులకు తగ్గనివ్వకు. గొయ్యి మాత్రం వద్దు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, గొయ్యిలోకే దిగుతుంది. వానాకాలంలో నీళ్ళు ఊరతాయి. పైగా ఎలక్ట్రిక్ కారు కడుపు కింద ఉన్న బ్యాటరీని గొయ్యిలో నిలబడి దించలేవు. దానికి లిఫ్టూ, కిందకు తోసే బ్యాటరీ బల్లా కావాలి. లిఫ్టు చేతులు బ్యాటరీ పెట్టెకు తగలకుండా, కంపెనీ చూపిన చోటే ఆనాలి.

ఇక కరెంటు. త్రీ ఫేజ్ తీసుకో. ఛార్జర్ ఇప్పుడు పెట్టకపోయినా ప్రతి రెండు బేలకూ లావుపాటి గొట్టం ముందే వేయించు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు సీట్ల కింది కంప్యూటర్ పెట్టెల్లో బురద చేరిన బండ్లు ఎన్ని చూశానో. అందుకే చెబుతున్నా, కరెంటు బోర్డు నడుము ఎత్తుకు పైనే ఉండాలి. మరొకటి, బండి కంప్యూటరులో కొత్త ప్రోగ్రాం ఎక్కిస్తున్నప్పుడు వోల్టేజీ పడిపోకూడదు. ఒకసారి మా షెడ్డులో సగంలో కరెంటు పోయింది, ఆ పెట్టె మళ్ళీ లేవలేదు. కొత్తది మా ఖర్చుతోనే వేశాం. డబ్బు పోయినందుకు కాదు, మమ్మల్ని నమ్మి బండి వదిలిన మనిషికి ముఖం చూపించలేకపోయాను. వోల్టేజీని నిలకడగా ఉంచే సప్లై మిషను, దానికి యూపీఎస్ నీ జాబితాలో లేవు. మొదటి వరుసలో రాసుకో.

ఎలక్ట్రిక్ బండికి ఒక బే విడిగా ఉంచు. నేల మీద రబ్బరు పట్టా, చుట్టూ గొలుసు. నారింజ రంగు కేబుళ్ళలో 300 వోల్టులకు పైగా ఉండవచ్చు. బ్యాటరీ కరెంటును తెంచే సర్వీస్ ప్లగ్ తీశాక మాన్యువల్ చెప్పినంత సేపు ఆగి, మీటరుతో సున్నా అని చూసుకున్న తరువాతే చేయి పెట్టాలి. 1,000 వోల్టుల దాకా ఆగే క్లాస్ 0 రబ్బరు గ్లోవ్స్ కొను. వేసుకునే ప్రతిసారీ గాలి ఊది చిల్లు లేదని చూడాలి. ఆ బేలో ఒక్కడినే ఎవరినీ పనిచేయనివ్వకు. ఎలక్ట్రిక్ బండి ఏసీ కంప్రెసర్‌కు ఆయిల్ డబ్బా కూడా వేరుగా ఉండాలి. మామూలు కార్ల ఏసీలో పోసే పీఏజీ ఆయిల్ ఆ కంప్రెసర్‌లో పోస్తే కరెంటు లీకవుతుంది. గుద్దుకుని బ్యాటరీ నలిగిన బండిని మాత్రం తీసుకోకు. అలాంటిదాన్ని మిగతా బండ్లకు, గోడలకు 15 మీటర్ల దూరంలో ఉంచాలి. నీ 450 గజాల్లో అంత చోటు లేదు. కంపెనీ సర్వీస్ సెంటరుకు పంపించు, కస్టమరు కోపగించుకున్నా సరే.

డీజిల్ బండి ఫిల్టరులో మసిని కాల్చే పని బయట, పైన కప్పు లేని చోట చేయించు. అప్పుడు సైలెన్సర్ విపరీతంగా వేడెక్కుతుంది. పాత ఆయిల్ అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇచ్చి రసీదు దాచుకో.

మొదటి బేలో రిపేరు చేయకు. అది జబ్బు కనిపెట్టడానికే ఉండాలి. స్కానర్ చూపిన కోడ్ చూసి వెంటనే సెన్సర్ మార్చే కుర్రవాడి కన్నా, ముందు వైరు కొలిచి చూసే కుర్రవాడికి ఎక్కువ జీతం ఇవ్వు.

కొత్త ప్లాను గీయించి పంపు. మేస్త్రీ కాంక్రీటు పోసే తేదీ ఒక వారం ముందు చెబితే నా రసమట్టం తీసుకుని తెల్లవారుజామునే వస్తాను. నేను వచ్చేదాకా పోయనివ్వకు.

మీ అమ్మను అడిగానని చెప్పు.

ప్రేమతో,
మామయ్య