మేం తిన్నది అసలు ఇటాలియన్ కాదట!

ప్రశ్న: ఈ మధ్య మొదటిసారి ఒక ఇటాలియన్ రెస్టారెంట్‌కి డిన్నర్‌కి వెళ్లాం. లోపల అడుగుపెట్టేదాకా ఒకటే టెన్షన్, మెనూలో సగం పేర్లకి నోరు తిరగదు. కానీ మాకు వడ్డించిన పెద్దాయన ఎంత బాగా చూసుకున్నారంటే, ఏది ఎలా ఉంటుందో ఓపిగ్గా చెప్పి, పక్క టేబుల్‌కి వెళ్తున్న ప్లేటు చూపించి "మీరడిగింది ఇదేనమ్మా" అన్నారు, పైగా "ఇది ఒక్కటి ఇద్దరికీ సరిపోతుంది" అని ఆయనే మా ఆర్డర్ తగ్గించారు. గార్లిక్ బ్రెడ్, క్రీమ్ వేసిన కార్బొనారా పాస్తా, చివర్లో కాపుచ్చినో. బయట అంత హాయిగా తిన్న గుర్తు లేదు. మర్నాడు ఆఫీసులో ఈ ముచ్చట చెప్తే, ఇటలీలో కొన్నాళ్లు ఉండొచ్చిన కొలీగ్ ఒకాయన "నువ్వు తిన్నదాంట్లో ఇటాలియన్ ఒక్కటీ లేదు" అని తీసిపారేశారు. మనసు చివుక్కుమంది. మేం మోసపోయినట్టేనా? ఇంకోటి, వచ్చే నెల అమ్మానాన్నల్ని అక్కడికే తీసుకెళ్దామనుకుంటున్నాను. ఇద్దరూ గుడ్డు కూడా ముట్టని శాకాహారులు. ఏం ఆర్డర్ చెయ్యాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ఆర్డర్ తగ్గించి తన బిల్లు తనే తగ్గించుకున్న మనిషి మిమ్మల్ని ఎందుకు మోసం చేస్తాడండీ! ఆ పెద్దాయన్ని గుర్తుపెట్టుకోండి, మీ రెండో ప్రశ్నకి ఆయనే దిక్కు.

ముందు కొలీగ్ సంగతి. ఆయన చెప్పింది అబద్ధమేం కాదు. రోమ్‌లో కార్బొనారాలో క్రీమ్ వెయ్యరు. గుడ్డు సొన, పెకొరీనో అనే గొర్రెపాల చీజ్, మిరియాలు, గ్వాంచాలే అనే పంది మాంసం, అంతే. పాస్తా ఉడకగానే బాణలి పొయ్యి మీంచి దించేసి, చీజ్ కలిపిన సొన పోసి, పాస్తా ఉడికిన నీళ్లు కాసిని చిలకరిస్తూ గబగబా తిప్పుతారు. ఆ నీళ్లలో దిగిన పిండి వల్ల సాస్ చిక్కబడి, నున్నగా ప్రతి పోగుకీ పట్టుకుంటుంది. వేడి కాస్త ఎక్కువైందా, సొన గడ్డకట్టి గుడ్డు పొరటులా తయారవుతుంది. రాత్రి రద్దీలో ఒకేసారి పది ఆర్డర్లు పడితే ప్రతి బాణలి దగ్గరా అంత జాగ్రత్త ఎక్కడ కుదురుతుంది? క్రీమ్ ఉంటే సాస్ అంత తేలిగ్గా విరగదు, అందుకే చాలా వంటగదులు దాన్ని పట్టుకున్నాయి. రుచి వేరు, ఒప్పుకుంటాను, నాకు క్రీమ్ లేనిదే ఇష్టం. అలాగని క్రీమ్ వేసింది తిని ఆనందపడ్డవాళ్ల ఆనందం తప్పయిపోతుందా?

అసలు ఈ "అసలైన" అనే మాటని ఇటలీలోనే గట్టిగా పట్టుకుంటే కష్టం. 1954లో అక్కడి ఒక వంటల పత్రికలో అచ్చయిన కార్బొనారాలో గ్రుయేర్ అనే స్విట్జర్లాండ్ చీజ్, వెల్లుల్లి ఉన్నాయి. ఇవాళ రోమ్‌లో ఎవరైనా అలా చేస్తే గొడవైపోతుంది. తరతరాల వంటకం అనుకునే తిరమిసు అనే తీపి ట్రెవీజో ఊళ్లోని ఒక రెస్టారెంట్ మెనూలో కనిపించింది 1970 ప్రాంతంలో. చియబట్టా బ్రెడ్ అయితే 1982లో పుట్టింది, దాని వయసు మన పాఠకుల్లో చాలామంది కంటే తక్కువ.

ఇక మీరు వెళ్లినలాంటి చోట్లకి వేరే చరిత్ర ఉంది. 1880 నుంచి 1920ల దాకా దాదాపు 40 లక్షల మంది ఇటాలియన్లు అమెరికా వెళ్లారు, ఎక్కువమంది దక్షిణ ఇటలీ పేదలు. ఊళ్లో మాంసం పండగలకే దొరికిన వాళ్లకి అక్కడ చవగ్గా, కావలసినంత దొరికింది. స్పఘెట్టి మీద పెద్ద పెద్ద మీట్‌బాల్స్ అలా వచ్చి చేరాయి. కాల్చిన రొట్టెకి వెల్లుల్లి రుద్ది ఆలివ్ నూనె పోస్తే బ్రుస్కెట్టా, నూనె బదులు వెన్న వేస్తే మీరు తిన్న గార్లిక్ బ్రెడ్. రోమ్‌లో అల్ఫ్రెడో డి లెలియో అనే రెస్టారెంట్ యజమాని పేరు తెచ్చిన పాస్తాలో ఉన్నది వెన్న, పార్మెజాన్ మాత్రమే, అదీ సముద్రం దాటాకే క్రీమ్ పోయించుకుంది. కాబట్టి మీరు తిన్నది నకిలీ కాదు, వలస వెళ్లినవాళ్ల వంట. కాపుచ్చినో విషయంలో మాత్రం కొలీగ్‌కే నా ఓటు. ఇటలీలో అది పొద్దున తాగేది, భోజనం అయ్యాక చిన్న కప్పులో ఎస్ప్రెస్సో తాగుతారు. కడుపు నిండా తిన్నాక అన్ని పాలెందుకని వాళ్ల వాదన. మీకు పడితే తాగండి, అడిగేవాళ్లెవరు!

ఇప్పుడు అమ్మానాన్నల విషయం, అసలు జాగ్రత్త ఇక్కడ కావాలి. వెయిటర్‌ని "ఇది వెజ్జేనా?" అని అడక్కండి. మాంసం ముక్క లేకపోతే చాలామంది "ఆ, వెజ్జే" అనేస్తారు, వాళ్ల దృష్టిలో అది అబద్ధం కూడా కాదు. అందుకని విడిగా అడగండి: చీజ్ ఏది, పాస్తాలో గుడ్డు ఉందా, ఏ నీళ్లలో ఉడికించారు. పార్మిజానో రెజ్జానో చీజ్‌కి పాలు విరగ్గొట్టేది దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తోనే, నియమమే అలా ఉంది, గ్రానా పదానో, పెకొరీనో రొమానోలు కూడా జంతువుల రెన్నెట్‌తో చేసేవే. మొక్కల నుంచో సూక్ష్మజీవుల నుంచో తీసిన రెన్నెట్‌తో చేసే చీజ్‌లూ ఉన్నాయి, కొన్ని రెస్టారెంట్లు అవే వాడతాయి, మొజరెల్లా గురించి కూడా ఓ మాట అడిగేయండి. పెస్టో అనే సాస్ పచ్చగా కనిపిస్తుంది కదాని ధైర్యంగా చెప్పెయ్యకండి, తులసి జాతి ఆకుతోపాటు అందులోనూ ఆ చీజే ఉంటుంది. రిసొట్టో అనే అన్నం వంటకం, మినెస్ట్రోనే అనే కూరగాయల సూప్ చాలాచోట్ల మాంసం ఉడికించిన నీళ్లతో చేస్తారు, కూరగాయలు మాత్రమే కనిపిస్తాయి.

గుడ్డు సంగతి తేలిక. ఎండు స్పఘెట్టి, పెన్నే సాధారణంగా గోధుమ రవ్వ, నీళ్లతో చేసినవి. అప్పటికప్పుడు చేసే వెడల్పాటి తాజా పాస్తాల్లో ఎక్కువగా గుడ్డు ఉంటుంది. వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఎండుమిరపతో చేసే ఆల్యో ఎ ఓల్యో, టమాటా కారంతో అర్రబియాటా, చీజ్ అసలే పడని మరినారా పిజ్జా, ఈ మూడిట్లో ఏది చెప్పినా "పైన చీజ్ తురమొద్దు" అని ఒక్క మాట కలిపితే సరి. తీపిలో తిరమిసు వద్దు, గుడ్డు ఉంటుంది, చాలాచోట్ల మద్యం కూడా. పన్నా కొట్టా అమాయకంగా కనిపించే మీగడ పాయసం, కానీ దాన్ని నిలబెట్టేది జంతువుల నుంచి తీసే జెలటిన్. నిమ్మకాయ సోర్బెట్ ఉందేమో చూడండి, గుడ్డు తెల్లసొన కలపలేదు కదా అని అడిగి మరీ.

ఇవన్నీ అమ్మానాన్నల ముందు కూర్చుని ఒక్కొక్కటీ ఆరా తీస్తే వాళ్లకి తినబుద్ధి పుట్టదు. రద్దీ లేని మధ్యాహ్నం పూట ఫోన్ చేసి ఆ పెద్దాయన్ని అడగండి, వంటగదిలో కనుక్కుని చెప్తారు. అంత ఓపిక ఉన్న మనిషి దొరకడం మీ అదృష్టం, వాడుకోండి.

ప్రశ్న: ఇటాలియన్ రెస్టారెంట్‌లో పిజ్జా కొయ్యకుండా అలాగే తెచ్చి పెట్టారు, పైగా మధ్యలో మెత్తగా కారిపోతోంది. సరిగా కాలలేదని తిప్పి పంపొచ్చా?
– మరో పాఠకుడు

జవాబు: అంచు చూడండి. పొంగి, అక్కడక్కడా నల్లటి మచ్చలు ఉంటే బాగానే కాలినట్టు. నేపుల్స్ పద్ధతి పిజ్జా 430 డిగ్రీల సెల్సియస్ దాటిన కట్టెల పొయ్యిలో 60 నుంచి 90 సెకన్లే ఉంటుంది, ఆ కాసేపట్లో అంచు పొంగుతుంది గానీ మధ్యలో టమాటా తడి ఇంకదు. మనిషికొకటి లెక్కన కొయ్యకుండానే ఇస్తారు, మధ్యభాగం ఫోర్కు, కత్తితో తిని, అంచుల దగ్గరికొచ్చాక చేత్తో పట్టుకోవచ్చు. పిండి పచ్చిగా ఉండి పళ్లకి అంటుకుంటే మాత్రం మొహమాటపడకుండా పంపించెయ్యండి.