మా అమ్మాయి ఎక్కువగా మాట్లాడదు, ఆర్గనైజేషనల్ సైకాలజీ చదవగలదా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉంది. పనిచేసే చోట మనుషులు, టీములు ఎలా ప్రవర్తిస్తాయో చదివే ఆర్గనైజేషనల్ సైకాలజీలో పీజీ చేస్తానంటోంది. నలుగురిలో నోరు విప్పని పిల్ల, ఈ రంగంలో ఎలా నెగ్గుకొస్తుందా అని మాకు టెన్షన్‌గా ఉంది. ఎంబీఏ హెచ్‌ఆర్ చేసి, పక్కనే హెచ్‌ఆర్ అనలిటిక్స్ సర్టిఫికెట్ కూడా తీసుకుంటే ఉద్యోగం గ్యారంటీ అని అందరూ అంటున్నారు. రెండింటినీ పోల్చి చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: పోల్చి చెబుతాను గానీ, ముందు మీ భయం సంగతి చూద్దాం. ఇలాంటి ప్రశ్నలు నాకు తరచుగా వస్తుంటాయి. కోర్సుల పేర్లు మారుతుంటాయి, "మా పిల్ల నలుగురితో కలవదండీ" అనే మాట మాత్రం మారదు. మనుషుల గురించిన చదువు కాబట్టి గలగలా మాట్లాడేవాళ్లకే సరిపోతుందని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. ఈ పనికి కావలసింది ఓపిగ్గా చూడటం, వినటం, చూసింది చూసినట్టు రాసుకోవడం, ఆ తర్వాత దాన్ని లెక్కల్లో పెట్టి పరీక్షించడం. మీటింగులో మేనేజర్ తన అభిప్రాయం ముందే చెప్పేశాక ఎవరు గబగబా తలూపారు, ఎవరు నోట్‌బుక్‌లోకి చూస్తూ ఉండిపోయారు, బయటికొచ్చాక కారిడార్‌లో ఎవరు ఎవరి దగ్గర అసలు మాట చెప్పారు... తన వంతు ఎప్పుడొస్తుందా, ఏం మాట్లాడదామా అని చూసేవాళ్లకు ఇవేవీ కనపడవు.

1950ల మొదట్లో సాలమన్ యాష్ అనే సైకాలజిస్టు చేసిన ప్రయోగం ఈ చదువులో చేరిన ప్రతి విద్యార్థికీ ఎదురవుతుంది. ఒక గీత చూపిస్తారు, పక్కన ఇంకో మూడు గీతలుంటాయి, వాటిలో మొదటి గీత అంత పొడవున్నది ఏదో చెప్పాలి. చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. అయితే గదిలో ఒక్కరు తప్ప మిగతావాళ్లంతా ముందే కూడబలుక్కున్నవాళ్లు, కొన్నిసార్లు కావాలనే అందరూ ఒకే తప్పు జవాబు చెబుతారు. అసలు సంగతి తెలియని ఆ ఒక్కరూ, అలాంటి సందర్భాల్లో దాదాపు మూడింట ఒక వంతు సార్లు, కళ్లకు కనిపిస్తున్నదాన్ని పక్కనపెట్టి గుంపుతో పాటే తప్పు చెప్పారు. గదిలో ఇంకొక్కరు సరైన జవాబు చెబితే చాలు, అలా లొంగిపోవడం బాగా తగ్గింది.

ఆఫీసుల్లో రోజూ జరిగేది ఇదే. అందరూ సరేనన్నారంటే అందరికీ నచ్చిందని కాదు. అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్లు పెద్దవాళ్లు నోరు తెరవకముందే మిగతావాళ్ల అభిప్రాయాలు కాగితం మీద రాయించుకోవడం లాంటి పద్ధతులు పెట్టిస్తారు. ఇదంతా తెలివిగా అమర్చడానికి మాటకారి కానక్కర్లేదు. ఇంటర్వ్యూలు చేయాలి, తేలింది మేనేజర్ల ముందు నిలబడి చెప్పాలి, అది నిజమే, ఆ మేరకు మీ అమ్మాయి మాట్లాడటం అలవాటు చేసుకోవాల్సిందే. కానీ చెప్పడానికి తన దగ్గర గట్టి విషయం ఉన్నప్పుడు, ప్రిపేర్ అయి మాట్లాడేటప్పుడు, మితభాషులైన పిల్లలు చక్కగా మాట్లాడటం నేను చాలాసార్లు చూశాను.

ఇప్పుడు అందరూ అంటున్న ఆ హెచ్‌ఆర్ అనలిటిక్స్ సంగతి, అంటే ఉద్యోగుల వివరాలను కంప్యూటర్‌లో అంకెలుగా పెట్టి విశ్లేషించే పని. దీని మీద నాకు గట్టి అనుమానాలున్నాయి, కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను. డేటా వద్దని నేను అనను, ఈ రంగమే డేటా మీద నిలబడింది. నా గొడవల్లా మనుషుల గురించి ఏమీ చదవకుండా కొన్ని వారాల్లో డ్యాష్‌బోర్డు చేయడం నేర్పి పంపించే కోర్సులతోనే. ఎవరు ఉద్యోగం మానేసేలా ఉన్నారు, ఏ టీము బాగా పనిచేస్తోంది, ఎవరి స్కోరు ఎంత, అన్నీ తెరమీద రంగుల్లో వచ్చేస్తాయి. ఆ అంకె ఎలా పుట్టిందని అడగటం మాత్రం ఎవరూ నేర్పరు.

అమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రుల్లో మందులిచ్చేటప్పుడు జరిగే పొరపాట్ల మీద పనిచేశారు. మంచి టీముల్లో పొరపాట్లు తక్కువుంటాయని ఎవరైనా అనుకుంటారు, ఆవిడా అలాగే అనుకున్నారు. తీరా చూస్తే లెక్కలు తలకిందులుగా వచ్చాయి, నాయకత్వం బాగుండి కలిసికట్టుగా పనిచేసే వార్డుల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. ఆవిడ అక్కడితో ఆగకుండా, ఈ లెక్కలేవీ తెలియని ఒక సహాయకుడిని ఆ వార్డులకు పంపి దగ్గరుండి గమనించమన్నారు. కొన్ని వార్డుల్లో పొరపాటు జరిగితే నర్సులు భయపడకుండా చెప్పుకుంటున్నారు, కొన్నింటిలో ఎవరూ నోరెత్తడం లేదు. అంటే అంకె చూపించింది ఎన్ని పొరపాట్లు జరిగాయని మాత్రమే కాదు, ఎన్నింటిని ధైర్యంగా బయటికి చెప్పారన్నది కూడా. డ్యాష్‌బోర్డు మాత్రమే చదవటం వచ్చినవాళ్లు ఆ మంచి వార్డులకే మెమోలు ఇచ్చి ఉండేవాళ్లు. ఆ తర్వాత వాళ్లు కూడా చెప్పడం మానేస్తారు, గ్రాఫు అందంగా కిందికి దిగుతుంది, రోగులకు మాత్రం ప్రమాదం పెరుగుతుంది.

పైగా టూల్స్ మారిపోతుంటాయి, ఈ ఏడాది నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ ఇంకో చోట ఉండకపోవచ్చు. మనుషులను పదహారు రకాలుగా విడగొట్టే మయర్స్-బ్రిగ్స్ పరీక్ష నేర్పి సర్టిఫికెట్ ఇచ్చే కోర్సులదీ దాదాపు ఇదే దారి. ఉద్యోగాలకు మనుషులను ఎంపిక చేయడానికి దాన్ని వాడకూడదని ఆ పరీక్షను అమ్మే సంస్థే చెబుతుంది. ముందు సబ్జెక్టు, స్టాటిస్టిక్స్ రానివ్వండి, టూల్ తర్వాత కొద్ది రోజుల్లో వచ్చేస్తుంది.

ఇక మీకు ఒక మాట, కాస్త కటువుగానే చెబుతాను. మీరు రాసినదాంట్లో "అందరూ అంటున్నారు" అని ఉంది. ఆ అందర్లో ఈ పని చేస్తున్నవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? నోరు విప్పని పిల్ల అన్నారు. ఇంటిల్లిపాదీ ఎంబీఏ అంటుంటే తను వేరే కోర్సు పేరు పట్టుకుని మీ ముందుకొచ్చి అడిగింది కదా, నోరు విప్పడం అంటే ఇంకేమిటండీ? ఎందుకు ఆ కోర్సు అని మీరు కూర్చోబెట్టి అడిగినట్టు మీ ప్రశ్నలో నాకెక్కడా కనపడలేదు. దయచేసి ఆ పని ఈ వారమే చేయండి, మధ్యలో అడ్డు తగలకుండా వినండి.

ఉద్యోగం సంగతి. ఏ డిగ్రీ అయినా ఉద్యోగం గ్యారంటీ అని చెప్పేవాళ్లను నమ్మకండి. ఈ చదువుకు పనుందా అంటే ఉంది, కాకపోతే ఉద్యోగం పేరులో సైకాలజీ అనే మాట చాలాసార్లు ఉండదు. ఎంపిక పరీక్షలు తయారుచేయడం, శిక్షణ వల్ల నిజంగా ఏమైనా మారిందా అని తేల్చడం, ఉద్యోగుల సర్వేలు, కన్సల్టెన్సీలు, భద్రతకు సంబంధించిన రంగాలు. 1978లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర ఒక విమానం ఇంధనం అయిపోయి కూలింది. ఇంధనం తగ్గిపోతోందని ఫ్లైట్ ఇంజినీరుకు తెలుసు, కెప్టెన్‌కు ఎక్కేలా గట్టిగా చెప్పలేకపోయారు. అలాంటి ప్రమాదాల తర్వాత, కింది ఉద్యోగి పై అధికారికి అడ్డుచెప్పడం, పై అధికారి అది వినడం నేర్పే శిక్షణ విమానయానంలో మొదలై తర్వాత ఆసుపత్రుల దాకా వెళ్లింది. మీ అమ్మాయి కోరుకుంటున్నది ఇంత బరువున్న పని, దీన్ని కాలక్షేపం చదువు అనుకోకండి.

అడిగిన పోలిక క్లుప్తంగా చెబుతాను. ఎంబీఏ హెచ్‌ఆర్‌లో ఫైనాన్స్, మార్కెటింగ్, కార్మిక చట్టాలు అన్నీ కొంచెం కొంచెం ఉంటాయి, మనుషుల ప్రవర్తన ఒకటి రెండు పేపర్లకే పరిమితం. మొదటి ఉద్యోగం త్వరగా దొరికే అవకాశం ఎక్కువ, ఆ ఉద్యోగం మొదట్లో ఎక్కువగా రిక్రూట్‌మెంట్ ఫోన్లు, హాజరు, జీతాల ఫైళ్లు. రోజంతా కొత్తవాళ్లతో ఫోన్లో మాట్లాడే పని మీ అమ్మాయికి ఇక్కడే ఎక్కువ తగులుతుంది, ఇది మీరు ఆలోచించినట్టు లేదు. ఆర్గనైజేషనల్ సైకాలజీలో పరిశోధనా పద్ధతులు, స్టాటిస్టిక్స్, పరీక్షల తయారీ, సొంతంగా ఒక థీసిస్. మొదటి ఉద్యోగానికి కాస్త ఎక్కువ వెతకాలి, చేసే పని లోతుగా ఉంటుంది. చేరినవాళ్లు ఇబ్బంది పడేది ఎక్కువగా స్టాటిస్టిక్స్ దగ్గరే, లెక్కలంటే పూర్తిగా విముఖత ఉంటే మాత్రం ఆలోచించుకోవాలి.

ఈ సెలవుల్లో నలుగురు కలిసి పనిచేసే చోట ఎక్కడైనా కొన్ని వారాలు చేరమనండి, చిన్న పనైనా ఫర్వాలేదు. రోజూ రాత్రి ఒక పేజీ రాయాలి, ఎవరి మాటకు అడ్డం పడుతున్నారు, కొత్త నిర్ణయం ముందుగా ఎవరికి తెలుస్తోంది, తప్పు జరిగితే ఎవరు ఎవరికి చెబుతున్నారు అని, తన అభిప్రాయాలు కలపకుండా చూసింది మాత్రమే. ఆ రాత ఆమెకు ఇష్టంగా అనిపిస్తే ఆర్గనైజేషనల్ సైకాలజీకి వెళ్లనివ్వండి, విసుగు పుడితే ఎంబీఏకు ఇంకా టైమ్ ఉంటుంది. ప్రస్తుతానికి రెండింటికీ దరఖాస్తు పెట్టించండి, రెండు సిలబస్‌లూ ప్రింట్ తీసి ఆమె చేతికివ్వండి, మీ అభిప్రాయం ఆమె అడిగినప్పుడు చెప్పండి.